ప్రత్యర్థిని మెచ్చుకుంటే కుమ్మక్కేనా? మధురవాడ వీడియోపై చర్చ

(విశాఖలోని ఒక స్థానిక ఛానల్ స్టూడియోలో సాయంత్రం జరిగిన చర్చకు ఇది రాతరూపం. అడ్డం పడ్డ మాటలను, మధ్యలో తెగిన వాక్యాలను అలాగే ఉంచాం. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినపడినంత వరకే రాశాం. ఎవరి గొంతు ఎక్కువ వినపడిందో మేం చెప్పనక్కర్లేదు.)

వ్యాఖ్యాత: నమస్కారం. రెండు మూడు రోజులుగా విశాఖలో ఎవరి ఫోన్‌లో చూసినా అదే వీడియో. మధురవాడలో ఒక కాలనీ సంఘం వాళ్లు కార్పొరేటర్ పదవికి పోటీ పడాలనుకుంటున్న ఇద్దరిని ఒకే వేదిక మీద కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. డ్రైనేజీ గురించి చెబుతూ ఒకాయన తడబడ్డారు. అవతలాయన మనుషులు ఈలలేశారు. ఆయన లేచి తన మనుషుల్నే కసిరి, ‘మాట్లాడనివ్వండి, మన వీధికి మంచినీళ్ల లైను వేయించింది ఈయనే’ అన్నారు. తర్వాత ఇద్దరూ చేతులు కలిపారు. జనం చప్పట్లు కొట్టారు గానీ సొంత పార్టీ ఆయన్ని సంజాయిషీ అడిగిందట. ఈలోగా ఆ ఇద్దరూ బీచ్ రోడ్డులో టీ తాగుతున్న పాత ఫొటో ఒకటి బయటికొచ్చింది. సూటిగా అడుగుతున్నాను: ఆ కరచాలనం మనసులోంచి వచ్చిందా, కెమెరా కోసమా? ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. ముందు మేడమ్, రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యారు మీరు.

ప్రొఫెసర్: నమస్కారమండి. కరచాలనం సంగతి పక్కన పెడదాం. అసలు విషయం ఆ మంచినీళ్ల లైను మాట. ఎందుకంటే...

మాజీ కార్పొరేటర్: పక్కన పెట్టడమేంటి మేడమ్, గొడవంతా దాని గురించే కదా! తమ్ముడూ, నేను రెండు ముక్కలు చెబుతాను, తర్వాత మేడమ్ చెబుతారు. నేను గెలిచింది 2007లో. అప్పుడు 72 వార్డులు. ఆ తర్వాత 2021 దాకా ఈ ఊళ్లో కార్పొరేషన్ ఎన్నికలే లేవు. ఆ ఎన్నికలకు 98 వార్డులయ్యాయి. నేను వీధుల్లో తిరిగి చెబుతున్నాను, పుస్తకాలు చూసి కాదు...

న్యాయవాది: రెండు ముక్కలన్నారు.

మాజీ కార్పొరేటర్: లాయరుగారూ, మీ వంతు రానివ్వండి. ఎన్నికంటే పోటీ అండి. బరిలో దింపిన పుంజులు ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకుంటే పందెం కట్టినవాడు ఏమైపోవాలి? మా కుర్రాళ్లు రాత్రుళ్లు ఫ్లెక్సీలు కడతారు, అవతలివాళ్లతో తగాదా పడతారు, స్టేషన్‌కెళ్లి కూర్చుంటారు. పైన వీళ్లు చేతులు కలుపుతారు. కిందవాడి మీద కేసు మాత్రం అలాగే ఉంటుంది. దీన్ని సంస్కారం అంటారా? మా గాజువాకలో అయితే కుమ్మక్కు అంటారు.

వ్యాఖ్యాత: అంటే కెమెరా కోసమే అంటారు.

మాజీ కార్పొరేటర్: కెమెరా కోసం కూడా కాదు, లోపాయికారీ ఒప్పందం! ఆ టీ ఫొటో ఒక్కటి చాలు.

ప్రొఫెసర్: ఆ ఫొటో ఎప్పటిదో ఎవరికైనా తెలుసా? ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు కలిసి టీ తాగడం కూడా నేరమేనా?

మాజీ కార్పొరేటర్: ఎన్నికలప్పుడు నేరమే!

న్యాయవాది: ఏ సెక్షన్ కింద?

(నవ్వులు)

వ్యాఖ్యాత: మేడమ్, మీరు పూర్తి చేయండి. నిజమా, నటనా?

ప్రొఫెసర్: లోపల ఏముందో మీరూ చూడలేరు, నేనూ చూడలేను. చూడగలిగేది ఒకటే, ఆ మాటకు ఆయన ఏం చెల్లించారు అన్నది. చేయి కలపడానికి ఖర్చేమీ ఉండదు. ‘నీళ్ల లైను వేయించింది ఆయనే’ అన్నారు చూడండి, దానికి ఓట్లు పోతాయి. ఆ వీధిలో పది ఇళ్లవాళ్లు ‘అవును కదా’ అనుకుంటే ఈయనకే నష్టం. తెలిసీ చెప్పారు. అందుకే నేను దానికి విలువిస్తాను. అమెరికాలో 2008లో ఇలాంటిదే...

మాజీ కార్పొరేటర్: అమెరికా వచ్చేసింది! మధురవాడలో డ్రైనేజీ గురించి అడిగితే అమెరికా!

ప్రొఫెసర్: ఒక్క నిమిషం. 2008 అక్టోబరు, అధ్యక్ష పదవికి ఒబామా మీద పోటీ చేస్తున్న మెకెయిన్ మిన్నెసోటాలో సభ పెట్టారు. ఒకావిడ మైకు పట్టుకుని ‘ఒబామా అరబ్బు, ఆయన్ని నమ్మలేను’ అంది. మెకెయిన్ మైకు తీసుకుని, ‘కాదమ్మా, ఆయన మర్యాదస్తుడు, సంసారి, ఈ దేశ పౌరుడు. నాకూ ఆయనకూ మౌలికమైన విషయాల్లో పడదు, అంతే’ అన్నారు. అంతకుముందు ఒబామాకు భయపడక్కర్లేదన్నందుకు అదే సభలో సొంత జనమే మెకెయిన్ మీద ఎగతాళిగా అరిచారు.

న్యాయవాది: ఆ జవాబు మీదా విమర్శ వచ్చింది మేడమ్. అరబ్బు కాదు, మర్యాదస్తుడు అంటే, అరబ్బు మర్యాదస్తుడు కాడా అని అడిగారు చాలామంది.

ప్రొఫెసర్: సబబైన విమర్శే. అక్కడికక్కడ నోటికొచ్చిన మాట కాబట్టి ఆ లోపం ఉంది. రాసుకొచ్చి చదివి ఉంటే...

మాజీ కార్పొరేటర్: ఆయన గెలిచాడా?

ప్రొఫెసర్: ఎవరు?

మాజీ కార్పొరేటర్: మీ మెకెయిన్.

ప్రొఫెసర్: లేదు, ఓడిపోయారు.

మాజీ కార్పొరేటర్: అద్గదీ! నేను చెప్పేదీ అదే! మర్యాదగా ఉన్నవాడు ఇంట్లో కూర్చుంటాడు. రాసుకో తమ్ముడూ.

ప్రొఫెసర్: ఆయన 2018లో పోయినప్పుడు అంత్యక్రియల్లో ఆయన గురించి మాట్లాడినవాళ్లలో ఒబామా ఒకరు. అదీ...

మాజీ కార్పొరేటర్: పోయాక అందరూ మంచివాళ్లే! మన దగ్గరా అంతే. బతికుండగా తిడతారు, పోయాక విగ్రహానికి దండేస్తారు.

వ్యాఖ్యాత: ఇది బాగుంది. అంటే దండ కూడా కెమెరా కోసమే!

న్యాయవాది: మీరు కెమెరాను వదలరా? నేను ఒక పాయింటు చెబుతాను. 2016లో ట్రంప్, హిల్లరీల రెండో డిబేట్‌లో మొదట చేతులు కూడా కలపలేదు. చివర్లో ప్రేక్షకుల్లో ఒకాయన లేచి, అవతలివాళ్లలో మీకు నచ్చేది ఒకటి చెప్పండన్నాడు. ఆమె ట్రంప్ పిల్లల్ని మెచ్చుకుంది. ఆయనేమో ఆమె పోరాడే మనిషి, వదిలిపెట్టదు అన్నాడు. అప్పుడు చేతులు కలిపారు. అడిగితే వచ్చిన మర్యాద అది. మధురవాడాయన్ని ఎవరూ అడగలేదు. నా మటుకు నాకు తేడా అక్కడే.

వ్యాఖ్యాత: అయితే నిజమేనంటారు!

న్యాయవాది: నేను అలా అనలేదు.

వ్యాఖ్యాత: మరి నటన?

న్యాయవాది: అదీ అనలేదు. చట్టం మనసును కొలవదు, మాటను పట్టుకుంటుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) ప్రకారం, ఎదుటి అభ్యర్థి వ్యక్తిగత శీలం మీద అబద్ధమని తెలిసీ, అతని గెలుపు దెబ్బతినేలా ప్రచారం చేస్తే అది అవినీతి చర్య. కోర్టులో రుజువైతే ఎన్నికే రద్దవుతుంది. ఇది అసెంబ్లీకి, పార్లమెంటుకు. కార్పొరేషన్‌కు వేరే చట్టం ఉంది. ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా విమర్శ విధానాల మీద, పని మీద ఉండాలంటుంది, ప్రజా జీవితంతో సంబంధంలేని సొంత సంగతులు తీయొద్దంటుంది. రోజూ ప్రచారంలో మనం వినేది ఏంటో మీకే తెలుసు.

మాజీ కార్పొరేటర్: ఆ చట్టం కింద ఎంతమంది పదవులు పోయాయి చెప్పండి? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు! అసలు మర్యాద గురించి విశాఖకు పాఠాలు చెప్పొద్దు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం తెన్నేటి విశ్వనాథం గారు, కమ్యూనిస్టులు, ఎవరి జెండా వాళ్లకున్నా అందరూ ఒక్కటయ్యారు. నవంబరు 1న ఇదే ఊళ్లో కాల్పులు జరిగాయి. ప్రతిపక్ష ఎమ్మెల్యేలు పదవులు వదిలేశారు. అదీ కలవడమంటే! ఇప్పుడేమైంది? 2021 జనవరిలో ఆ ఫ్యాక్టరీని అమ్మేస్తామని ఢిల్లీ నిర్ణయం చేసింది. పోయిన ఏడాదో, అంతకుముందో...

న్యాయవాది: 2025 జనవరి. 11,440 కోట్ల ప్యాకేజీ.

మాజీ కార్పొరేటర్: ఆ, అదే. కోట్లు ఇచ్చామన్నారు. మరి అమ్మకం మానేశామన్న మాట ఏదీ? దీని మీద ఏ అభ్యర్థి నోరు విప్పాడు? చేతులు కలుపుకోవడానికి మాత్రం టైముంటుంది!

ప్రొఫెసర్: మీరే నా వాదన చెబుతున్నారు. వేరే జెండా అయినా ఎదుటివాడి మాటలో నిజముందని ఒప్పుకున్నారు కాబట్టే 1966లో కలవగలిగారు. ఆ ఒప్పుకోలు...

మాజీ కార్పొరేటర్: అది ఉద్యమం మేడమ్, ఇది ఎన్నిక! రెండూ కలపకండి.

వ్యాఖ్యాత: ఉక్కు మీద వచ్చేవారం ప్రత్యేక కార్యక్రమం పెడదాం సార్.

మాజీ కార్పొరేటర్: పెట్టండి, నేను వస్తాను.

(వాణిజ్య ప్రకటనలు)

వ్యాఖ్యాత: మళ్లీ స్వాగతం. కంచరపాలెం నుంచి ఒక వీక్షకుడు లైన్‌లో ఉన్నారు. చెప్పండి, ఆ కరచాలనం కెమెరా కోసమేనా?

ఫోన్‌లో వీక్షకుడు: బాబూ, అదేటో మాకు తెలీదు గానీ, మా వీధికి రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి. ఆ లైను ఎవరు వేశారో వాళ్లలో వాళ్లే ఒప్పుకున్నారంటే మంచిదే కదండీ. లేకపోతే ఇద్దరూ నేనేశానంటే నేనేశానంటారు. శిలాఫలకాలు కూడా రెండుంటాయి మా దగ్గర.

ప్రొఫెసర్: చూశారా! ఓటరుకు పనికొచ్చేది అదే. ఎవరు ఏం చేశారో సరైన సమాచారం...

వ్యాఖ్యాత: అంటే మీ దృష్టిలో నటన కాదు?

ఫోన్‌లో వీక్షకుడు: నటనైనా పరవాలేదండీ, నీళ్లు... (లైన్ కట్ అయింది)

మాజీ కార్పొరేటర్: విన్నారా, ప్రజలే నటన అంటున్నారు!

న్యాయవాది: ఆయన అలా అనలేదండీ! నటనైనా పరవాలేదన్నారు.

మాజీ కార్పొరేటర్: రెండూ ఒకటే.

ప్రొఫెసర్: మన దగ్గరి ఉదాహరణే చెబుతాను, అమెరికా వద్దన్నారు కాబట్టి. 1991లో పీవీ నరసింహారావు గారు ప్రధాని అయ్యాక నంద్యాలలో పోటీ చేశారు. ఎన్టీఆర్ గారు తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. కాంగ్రెస్‌ను ఓడించడానికే పార్టీ పెట్టిన మనిషి ఆయన. 1994లో పీవీ గారేమో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సమావేశానికి వెళ్లే భారత బృందానికి ప్రతిపక్ష నాయకుడు వాజ్‌పేయిని ముందు పెట్టారు. కశ్మీర్ విషయంలో అది...

మాజీ కార్పొరేటర్: నంద్యాలలో తెలుగువాడు ప్రధాని అయ్యాడు కాబట్టి! ఎదురు నిలబెడితే జనం తిడతారని లెక్క. లెక్కే, సంస్కారం కాదు.

ప్రొఫెసర్: లెక్కా సంస్కారం కలిసి ఉండకూడదా?

మాజీ కార్పొరేటర్: ఉండవు!

వ్యాఖ్యాత: ఇది ముఖ్యమైన పాయింటు. ఎన్టీఆర్ గారంతటి నటుడికి కెమెరా అంటే తెలియదా?

ప్రొఫెసర్: అయ్యా, అభ్యర్థిని నిలబెట్టకపోవడానికి కెమెరా ఎందుకండీ?

(అందరూ ఒకేసారి మాట్లాడారు. ‘నామినేషన్’, ‘డిపాజిట్’, ‘నా మాట వినండి’ అన్నవి మాత్రం వినిపించాయి. ఈ గలాటాలోనూ మాజీ కార్పొరేటర్ గొంతే పైన ఉంది.)

న్యాయవాది: అసలు మన దగ్గర అభ్యర్థులు ఎదురెదురుగా కూర్చోవడమే అరుదు. 2024లో ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులు, ఒక సీనియర్ పాత్రికేయుడు కలిసి మోదీని, రాహుల్‌ని బహిరంగ చర్చకు రమ్మని రాశారు. రాహుల్ సరేనన్నారు, చర్చ జరగలేదు. అలాంటిది మధురవాడలో ఒక కాలనీ సంఘం చేసి చూపించింది. వీడియో చివరి చేతులు తప్ప మిగతా గంటన్నర ఎవరైనా చూశారా? వాననీటి కాలువ మీద ఇద్దరూ వేర్వేరు మాటలు చెప్పారు. ఒకాయన కొండవాలు నుంచి వచ్చే నీటికి వేరే దారి కావాలన్నారు...

వ్యాఖ్యాత: లాయరుగారూ, డ్రైనేజీ తర్వాత. మన అంశం చిత్తశుద్ధి.

న్యాయవాది: డ్రైనేజీలోనే ఉంది చిత్తశుద్ధి!

మాజీ కార్పొరేటర్: డ్రైనేజీ గురించి నన్నడగండి! నా హయాంలో...

(ఇక్కడ మాజీ కార్పొరేటర్ తన వార్డులో వేయించిన కాలువలు, కల్వర్టుల గురించి చాలాసేపు చెప్పారు. చర్చకు సంబంధం లేదని వదిలేశాం.)

ప్రొఫెసర్: నాకు ఒక్క అవకాశం ఇవ్వండి. మర్యాద ఎక్కువైతే ప్రమాదమని ఆయన అన్నదాంట్లో నిజముంది, నేను కాదనను. నాయకులు పైన కౌగిలించుకుని కింద కార్యకర్తల్ని వదిలేస్తే అది మోసమే. దానికి మందు కేసులు ఎత్తివేయించుకోవడం, కిందివాళ్ల గొడవలు ఆపడం. అంతేగానీ బూతులు పెంచడం కాదు. 2021లో ఒక తెలుగు ఛానల్ లైవ్ చర్చలోనే గొడవ చెప్పుతో కొట్టేదాకా వెళ్లింది...

మాజీ కార్పొరేటర్: చూశారా, మేడమ్ ఒప్పుకున్నారు! మోసమే అన్నారు!

ప్రొఫెసర్: నేనన్నది అది కాదు...

వ్యాఖ్యాత: మేడమ్ మోసం అన్నారు, ఇది పెద్ద మాట.

ప్రొఫెసర్: షరతు పెట్టి అన్నానండీ, ‘వదిలేస్తే’ అన్నాను.

న్యాయవాది: కింద స్క్రోలింగ్‌లో అప్పుడే వేసేశారు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ఒక్కొక్కరు ఒక్క మాటలో చెప్పండి, నిజమా, నటనా? మేడమ్?

ప్రొఫెసర్: ఒక్క మాటలో చెప్పేది కాదిది. ఆయన పార్టీ అడిగిన సంజాయిషీకి ఏం జవాబిస్తారో చూడాలి. అక్కడ మాట మార్చకపోతే...

వ్యాఖ్యాత: లాయరుగారు?

న్యాయవాది: పూర్తి వీడియో చూడమనండి.

వ్యాఖ్యాత: సార్, మీరు?

మాజీ కార్పొరేటర్: కుమ్మక్కు. నూటికి నూరుపాళ్లు. ఇంకో మాట, నేను ఈసారి కూడా పోటీలో ఉన్నాను. నా ప్రత్యర్థి ఎవరైనా సరే, చేయి కలిపే ప్రసక్తి లేదు. మా గాజువాక ప్రజలకు ఈ వేదిక మీంచే చెబుతున్నాను, 2007లో ఎలా ఆశీర్వదించారో...

వ్యాఖ్యాత: ధన్యవాదాలు సార్. మెజారిటీ అభిప్రాయం చూస్తే ఆ కరచాలనం మీద అనుమానాలే ఎక్కువని తేలింది...

ప్రొఫెసర్: ఏ మెజారిటీ అండీ? ముగ్గురిలో ఒకరే కదా...

వ్యాఖ్యాత: ...వార్తలకు వెళ్దాం.