హెవీవెయిట్లలో ఎవరు ముందు, ఎవరు వెనక: లెక్క కట్టే పద్ధతి

అందరికీ నమస్కారం.

"బాక్సింగ్‌లో మహమ్మద్ అలీ గొప్పా, మైక్ టైసన్ గొప్పా?" అని ఎవరైనా అడిగితే చప్పున జవాబు చెప్పేయకండి. ఆ ఒక్క మాటలో మూడు ప్రశ్నలు చుట్టుకుని ఉన్నాయి. ఇద్దరినీ మంచి వయసులో ఒకే రింగులోకి దింపితే ఎవరు గెలుస్తారన్నది ఒకటి. కెరీర్ మొత్తంలో ఎవరు ఎలాంటి వాళ్లని ఓడించారన్నది రెండోది. ఆట మీద, లోకం మీద ఎవరి ముద్ర పెద్దదన్నది మూడోది. ఒకాయన మొదటిదాని మీద వాదిస్తుంటాడు, అవతలాయన మూడోదాని మీద. తెల్లార్లూ అరుచుకున్నా తెగదు మరి.

మొదటి ప్రశ్నని నేను పక్కన పెట్టేస్తాను. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో అలీకీ, 1950ల చాంపియన్ రాకీ మార్సియానోకీ మధ్య కంప్యూటర్ ఫైట్ అని ఒకటి ఆడించారు. ఇద్దరి వివరాలూ యంత్రానికి ఎక్కించారు. వాళ్ల చేత ముందే రకరకాల ముగింపులు నటింపజేసి ఫిల్ము తీసి పెట్టుకున్నారు. 13వ రౌండులో మార్సియానో అలీని నాకౌట్ చేసినట్టు చూపించారు. అప్పటికి మార్సియానో విమాన ప్రమాదంలో పోయి ఐదు నెలలు కావస్తోంది. యంత్రంలో మనం ఏ నమ్మకాలు పోస్తే అవే అటునుంచి జవాబుగా బయటికొస్తాయి, అంతే.

పైగా శరీరాల తేడా ఒకటుంది. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో, 2023లో 50 కిలోల్లో ప్రపంచ చాంపియన్. రెండు కిలోలకే విభాగం మారిపోయే ఆట ఇది. హెవీవెయిట్‌లో మాత్రం పైన హద్దు లేదు. మార్సియానో ఐదడుగుల పదంగుళాలు, సుమారు 85 కిలోలు. లెనాక్స్ లూయిస్ ఆరడుగుల ఐదంగుళాలు, 110 కిలోలు దాటిన మనిషి. ఇప్పుడైతే 200 పౌండ్ల (సుమారు 91 కిలోల) లోపు వాళ్లకి క్రూజర్‌వెయిట్ అనే విభాగం ఉంది, అది 1979లో గానీ పుట్టలేదు. అలాగని బరువే అంతా తేల్చేస్తుందనుకోవద్దు. 1935లో జో లూయిస్ 89 కిలోలతో 118 కిలోల ప్రీమో కార్నెరాని ఆరో రౌండులో చిత్తు చేశాడు.

కాబట్టి మూడోదాన్నీ పక్కన పెట్టి, రెండో ప్రశ్న దగ్గరే కూర్చుందాం. ఒక కాగితం తీసుకుని మీ బాక్సర్ గెలిచిన పది పెద్ద ఫైట్లు రాయండి. ఒక్కోదాని పక్కన నాలుగు గడులు గీయండి: తేదీ, ప్రత్యర్థి వయసు, అతని బరువు, ఆ ఫైటుకి ముందూ వెనకా రెండేళ్లలో అతను ఎలా ఆడాడు. ఆ నాలుగో గడి దగ్గరే చాలామంది బండారం బయటపడుతుంది.

మార్సియానోనే తీసుకుందాం. 49 ఫైట్లు, 49 గెలుపులు, 43 నాకౌట్లు. ఈ అంకె వినగానే సగం మంది నోరు మూసేస్తారు. కాగితం మీద పెట్టి చూడండి. 1951 అక్టోబరులో ఎనిమిదో రౌండులో జో లూయిస్‌ని తాళ్ల అవతలికి గుద్ది పడేశాడు. జోకి అప్పుడు 37 ఏళ్లు, పన్ను బకాయిల కోసం మళ్లీ గ్లవ్స్ తొడుక్కున్న మనిషి. 1952లో జెర్సీ జో వాల్కాట్, 38 ఏళ్లు. 1954లో రెండుసార్లు ఎజార్డ్ చార్ల్స్, వయసు అంత ఎక్కువ కాదుగానీ ఒంటి మీద అప్పటికే తొంభైకి పైగా ఫైట్ల అరుగుదల. 1955లో ఆర్చీ మూర్, 38కి తక్కువ ఉండడు, అప్పటికి లైట్ హెవీవెయిట్ చాంపియన్. నాలుగు పెద్ద పేర్లూ వయసు మీద పడ్డవో, ఒళ్లు అరిగినవో, కింది విభాగం నుంచి వచ్చినవో.

ఇక ఓటమే లేదంటారు కదా. 1950లో రోలాండ్ లాస్టార్జాతో పది రౌండ్లు. ఒక జడ్జి అటు, ఒక జడ్జి ఇటు, రిఫరీ మార్కుల కార్డులో చెరి ఐదు రౌండ్లు. అదనపు పాయింట్లతో గట్టెక్కాడు. ఆ కార్డు అటు తిరిగి ఉంటే 49-0 అనే మాటే మనం వినేవాళ్లం కాదు. అయితే మార్సియానోకి ఇవ్వాల్సింది కూడా ఇవ్వాలి. 1952లో వాల్కాట్ మొదటి రౌండులోనే అతన్ని కింద పడేశాడు. 12 రౌండ్లయ్యేసరికి ముగ్గురి కార్డుల్లోనూ వాల్కాటే ముందు. 13వ రౌండులో మూరెడు దూరం కూడా పోని ఒక్క కుడి చేతి దెబ్బ, అంతే, వాల్కాట్ చెయ్యి తాడుకి తగులుకుని అలాగే కుప్పకూలాడు. ఓడిపోతున్న ఫైటుని అలా లాక్కున్నవాడిని పదిలోంచి ఎలా తీసేస్తాం?

ఇదే కొలత అలీకీ పెట్టాలి. 1966 నవంబరులో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడో రౌండులో ముగించిన ఫైటుని అలీ అభిమానులు దేవుడి పటంలా చూపిస్తారు. విలియమ్స్‌కి 1964లో పోలీసు తుపాకీ గుండు తగిలి ఒక కిడ్నీ పోయింది. అలీ పాదాలు చూసి ముచ్చటపడండి, గెలుపుకి మాత్రం మార్కులు తగ్గించండి.

ఓటముల్ని ఒకే గంపలో వేయకండి. 1980లో లారీ హోమ్స్ చేతిలో దెబ్బలు తిన్న అలీకి 38 ఏళ్లు. దాన్ని అలీ ఖాతాలో ఓటమిగా రాయనంటే, హోమ్స్ ఖాతాలో గెలుపుగా కూడా రాయకూడదు. చాలామంది ఇక్కడే తొండాట ఆడతారు. తర్వాత, తిరిగి గెలిచాడా అన్నది చూడాలి. లెనాక్స్ ఒలివర్ మెక్‌కాల్ చేతిలో, హసీమ్ రహ్మాన్ చేతిలో ఓడి ఇద్దరినీ మళ్లీ ఓడించాడు. మెక్‌కాల్ రెండో ఫైటులో ఏడుస్తూ గుద్దడమే మానేశాడు, కాబట్టి దానికి సగం మార్కులే. టైసన్ 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పదో రౌండులో పడ్డాడు, మళ్లీ ఆ ఇద్దరూ తలపడనేలేదు.

"ఫలానావాడు ఫలానావాణ్ని కొట్టాడు కాబట్టి" అనే గొలుసు లెక్క బాక్సింగ్‌లో పనిచేయదు. 1971లో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. ఆ ఇద్దరినీ ఫోర్‌మన్ చెరి రెండు రౌండ్లలో ఊడ్చేశాడు. ఆ లెక్కన ఫోర్‌మన్ ముందు అలీ నిలవకూడదు. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో ఎనిమిదో రౌండులో పడింది ఫోర్‌మన్! కారణం స్టైల్. ఫ్రేజియర్ వంగి, తల ఊపుకుంటూ ముందుకొస్తాడు, ఫోర్‌మన్ అప్పర్‌కట్‌కి, అంటే కింద నుంచి పైకి లేచే గుద్దుకి, ఆ తల సరిగ్గా అందే ఎత్తులో ఉంటుంది. నార్టన్ ముందుకి నడిచినంతసేపూ పులే, వెనక్కి నెట్టారా, కాళ్లాడవు. అలీ ఎవరినీ వెనక్కి నెట్టే రకం కాదు కాబట్టి నార్టన్‌తో మూడు ఫైట్లూ, మొత్తం 39 రౌండ్లూ, పీకల మీదకొచ్చాయి. అదే అలీ తాళ్లకి ఆనుకుని ఫోర్‌మన్ చేతులు బరువెక్కేదాకా కాచుకోగలిగాడు.

టైటిల్ నిలబెట్టుకున్న సంఖ్య ఇంకో ఉచ్చు. జో లూయిస్ 25, హోమ్స్ 20, వ్లాదిమిర్ క్లిచ్కో రెండో హయాంలో 18. జో కాలంలో బెల్టు ఒకటే, ఎవరు ఎదురైనా అసలు చాంపియన్ ఆయనే. వేర్వేరు సంస్థలు వేర్వేరు బెల్టులిచ్చే కాలంలో హోమ్స్ డబ్ల్యూబీసీ, తర్వాత ఐబీఎఫ్ బెల్టులు పెట్టుకుని, డబ్ల్యూబీఏ బెల్టుని ఎప్పుడూ కలపలేదు. తలపడని పేర్లు కూడా కాగితం అడుగున రాయండి: 1908లో చాంపియన్ అయ్యాక జాక్ జాన్సన్ శామ్ లాంగ్‌ఫర్డ్‌కి అవకాశమే ఇవ్వలేదు, డెంప్సీ హయాంలో నల్లజాతివాడైన హ్యారీ విల్స్‌కి టైటిల్ ఫైటు దక్కనే లేదు, రిడిక్ బో 1992లో లెనాక్స్‌తో ఆడకుండా డబ్ల్యూబీసీ బెల్టుని చెత్తబుట్టలో వేశాడు.

నా కాగితంలో లిస్టన్, ఫ్రేజియర్, ఫోర్‌మన్‌లని ఓడించిన బలంతో అలీ ఒకటి, జో లూయిస్ రెండు. తర్వాత హోమ్స్, ఫోర్‌మన్, లెనాక్స్‌ని ఏ వరసలో పెట్టినా నాకు పేచీ లేదు. మార్సియానో ఆ గుంపు వెనకే. టైసన్‌ని పదిలో పెట్టడానికి తటపటాయిస్తాను, మీరు గొణగండి పర్లేదు. 1988లో అతని చేతిలో 91 సెకన్లలో పడిన స్పింక్స్ లైట్ హెవీవెయిట్ నుంచి వచ్చినవాడు, అదే ఏడాది ఓడిన హోమ్స్‌కి 38 ఏళ్లు, దాదాపు రెండేళ్లుగా రింగు ఎక్కలేదు.

ఇప్పుడు లైట్లు ఆర్పి 1936 జూన్ 19 ఫైటు వేస్తాం. 12వ రౌండులో ష్మెలింగ్ చేతిలో జో నాకౌట్ అయిన ఫైటు. దెబ్బలు చూడకండి. జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు) వేశాక జో ఎడమ చెయ్యి గడ్డం దగ్గరికి కాక నడుము వైపు జారుతుంది, దాన్నే చూడండి. ఆ ఖాళీలోంచే ష్మెలింగ్ కుడి చెయ్యి వస్తుంది, నాలుగో రౌండులో మొదటిసారి పడగొడుతుంది. తర్వాత ఆ ఇద్దరి 1938 ఫైటు వేస్తాం. అది 124 సెకన్లే, రెప్ప వేయకండి.