ముక్కులో మనిషి

అధ్యక్షులకు, సభకు నమస్కారం. దండలూ పొగడ్తలూ అయిపోయాయి కనుక విషయానికొస్తాను. తొలి జెట్ బాంబర్ల రూపకల్పన గురించి మాట్లాడమన్నారు.

జర్మన్ల అరాడో 234 సన్నటి ఒంట్లో నిండా ఇంధనమే. బాంబులకి లోపల చోటు లేక బయట వేలాడదీశారు. మొదటి నమూనాల్లో చక్రాలకీ చోటు లేదు. బండి మీద పరుగెత్తి లేచేది, స్కిడ్లు అనే జారుడు పట్టాల మీద జారుతూ దిగేది, ఆగినచోటే కూలబడేది. మనుషులొచ్చి ఎత్తుకెళ్లాలి. ఆ బాధ పడలేక 'బి' రకానికి ఒళ్లు కాస్త వెడల్పు చేసి చక్రాలు పెట్టారు.

బ్రిటన్‌లో పెటర్ అనే రూపకర్త గీసిన కాన్‌బెర్రా బాంబర్ 1949 మే 13న ఎగిరింది. పెద్ద రెక్క, 960 చదరపు అడుగులు. నలభై వేల అడుగుల పైన పల్చటి గాలిలో మలుపు తిరగాలంటే అంత రెక్క కావాలి. రాడార్‌తో బాంబు వేద్దామని ఇద్దరికే గీశారు. రాడార్ టైముకి రాలేదు. ముక్కుకి గాజు పెట్టి మూడోమనిషిని ఎక్కించారు. బి.2 అనే ఈ రకంలో ముగ్గురికీ ఎజెక్షన్ సీట్లున్నాయి, అంటే ప్రమాదంలో మనిషిని సీటుతో సహా బయటికి విసిరేసేవి. ఇది గుర్తుపెట్టుకోండి.

సోవియట్ బాంబర్ ఇల్యూషిన్ 28 గురించి కూడా చెప్పాలి. దాంట్లో పైలట్‌కీ, దారి చూసే నావిగేటర్‌కీ ఎజెక్షన్ సీట్లు, తోకలో తుపాకీ పట్టే గన్నర్‌కి మాత్రం దూకడానికి అడుగున తలుపు. మిగతాది వదిలేస్తున్నాను, ఈ తలుపు దగ్గరే ఆగిపోతాను, క్షమించండి.

కాన్‌బెర్రాకే 1954లో బి.ఐ.8 అని తక్కువ ఎత్తు దాడి రకం వచ్చింది. మనవాళ్లు కొన్న బి.ఐ.58 దీని తోబుట్టువే. బాంబు గది వెనక భాగంలో నాలుగు 20 మి.మీ. తుపాకులు. పైలట్‌ని ఎడమకి జరిపి ఫైటర్ మాదిరి గాజు బుడగ పెట్టారు, ఎజెక్షన్ సీటూ ఇచ్చారు. నావిగేటర్ ముందు, కింద, ముక్కులో. అతనికి ఎజెక్షన్ సీటు లేదండీ!

ఎలా బయటపడాలో చూడండి. బెల్టు విప్పాలి. పారాచూట్ తీసి ఛాతీకి తగిలించుకోవాలి. కుడివైపు తలుపు దాకా పోవాలి, దాన్ని ఊడదీయాలి, అప్పుడు దూకాలి. ఐదొందల అడుగుల నుంచి జారవిడిచిన రాయి నేలకి చేరడానికి ఐదున్నర సెకన్లు చాలు. పైగా, ఎత్తు కోసం గీసిన ఆ పెద్ద రెక్క కిందిగాలి కుదుపులన్నీ పట్టుకుంటుంది. బెల్టు విప్పినవాడు నిలబడేదెలా?

చోటు లేదనే జవాబు నాకొద్దు. తర్వాత వచ్చిన, ఫొటోలు తీసే నిఘా రకం పి.ఆర్.9లో ముక్కునే కీలు మీద పక్కకి తెరుచుకునేలా చేసి, లోపల నావిగేటర్‌కి ఎజెక్షన్ సీటు పెట్టారు. విమానం అదే కాన్‌బెర్రా.

బయట బల్ల మీద బి.ఐ.58 నమూనా ఉంది. ముందు కుడివైపు తలుపు కొలత చూసి రండి, తర్వాత రెక్క గురించి అడగండి.