4కే పెళ్లి వీడియో చవక ఫోన్‌లో ఎందుకు ఆగిపోతుంది? వీఎల్‌సీ, ఎంఎక్స్ ప్లేయర్ రివ్యూ

నమస్తే, కడప నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు నా టేబుల్ మీద ఉన్నవి రెండే. ఒకటి పెళ్లి వీడియో ఉన్న పెన్ డ్రైవ్, ఇంకొకటి 3 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ఫోన్. మన ఇళ్లలో అమ్మ చేతిలో, నాయన జేబులో ఉండే ఇలాంటి ఫోన్‌లో పెద్ద వీడియో ఫైలు సాఫీగా ఆడాలంటే ఏం చేయాలో చూద్దాం.

ముందు అసలు బాధ ఏంటో చూపిస్తాను. ఫోన్‌తో పాటు వచ్చిన గ్యాలరీలోనే ఫైలు తెరుస్తున్నా. గట్టిమేళం వినిపిస్తోంది కదా? ఇప్పుడు తెర చూడండి. పెళ్లికొడుకు చేతులు మంగళసూత్రంతో సహా గాల్లోనే ఆగిపోయాయి. మేళం అయిపోయింది, పక్కనున్నవాళ్లు "అక్షింతలు వేయండి" అని కేకలు పెడుతున్నారు, చేతులు ఇంకా అక్కడే ఉన్నాయి. ఇదిగో, ఒక్కసారిగా తలంబ్రాల దగ్గరికి దూకింది. తాళి కట్టే ఘట్టమే పోయింది. ఆ ఒక్క నిమిషం చూసుకోవడానికే కదా ఇంత ఖర్చు పెట్టి వీడియో తీయించుకునేది!

ఇలా అయితే చాలామంది మెమరీ కార్డును అనుమానిస్తారు. లెక్క వేద్దాం. ఈ ఫైలు బిట్‌రేట్, అంటే ఒక్కో సెకను వీడియోకి చదవాల్సిన డేటా, సెకనుకు 40 మెగాబిట్లు. 8తో భాగిస్తే సెకనుకు 5 మెగాబైట్లు. క్లాస్ 10 అని ఉన్న అసలైన కార్డు రాసేటప్పుడే సెకనుకు కనీసం 10 మెగాబైట్ల వేగం అందుకోవాలి. అంటే కార్డు తప్పేమీ లేదు. ర్యామ్ ఖాళీ చేసే యాప్‌లు వేసుకున్నా దీనికి పనికిరావు. వాటి జోలికి పోవద్దు.

అసలు సంగతి డీకోడర్‌ది. వీడియో ఫైలులో బొమ్మలు కుదించి ఉంటాయి. వాటిని సెకనుకు 25, 30, ఒక్కోసారి 50 చొప్పున విప్పి తెర మీద పెట్టాలి. ఆ పనికోసమే ఫోన్ చిప్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది, అదే హార్డ్‌వేర్ డీకోడర్. దానికి తెలిసిన రకం ఫైలు ఇస్తే తక్కువ కరెంటుతో, పెద్దగా వేడెక్కకుండా ఆడిస్తుంది. తెలియని రకం ఇస్తే ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. గ్రైండర్ పనిచేయక పదిమందికి సరిపడా పిండి రోట్లో రుబ్బినట్టే. పని అవుతుంది, కానీ దోసెలు వేసే టైముకు అందదు.

చవక చిప్‌లలో ఈ డీకోడర్ 1080పీ (1920 బై 1080) దగ్గరే ఆగిపోయేలా చేసినవి చాలా ఉన్నాయి. 4కే అంటే 3840 అడ్డం, 2160 నిలువు, మొత్తం దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. 1080పీకి నాలుగు రెట్లు, 720పీకి తొమ్మిది రెట్లు. ఈ ఫోన్ తెర 720 బై 1600. అడ్డంగా తిప్పి చూస్తే మామూలు వైడ్ వీడియోకి ఇందులో దొరికే చోటు 1280 బై 720, అంతే. 83 లక్షల పిక్సెళ్లు కష్టపడి విప్పి, చివరికి 9 లక్షల చిల్లర పిక్సెళ్లలో చూపిస్తున్నాం. కాబట్టి ఈ తెర మీద 4కే చూడలేకపోతున్నామని ఎవరూ బాధపడక్కర్లేదు.

రిజల్యూషన్ ఒక్కటే చూసి ఊరుకోకండి, ఇంకో చిక్కుంది. మీడియాఇన్‌ఫో అని ఒక యాప్ ఉంది, అందులో ఫైలు తెరుస్తున్నా. ఫార్మాట్ దగ్గర ఉండేది బొమ్మలను కుదించిన పద్ధతి పేరు. ఏవీసీ అంటే హెచ్.264. 2003 నుంచి ఉన్నది, దాదాపు ప్రతి ఫోన్‌కీ తెలుసు. హెచ్ఈవీసీ అంటే హెచ్.265, 2013లో వచ్చింది. ఏవీ1 2018ది, చవక ఫోన్‌లలో దానికి హార్డ్‌వేర్ డీకోడర్ ఉండటం అరుదు. ఇంకాస్త కిందికి రండి. బిట్ డెప్త్, అంటే రంగుల ఛాయలు ఎంత సన్నగా నమోదయ్యాయో చెప్పే అంకె, 8 ఉంటే మంచిది. 10 ఉండి, పైన ఏవీసీ అని ఉంటే మాత్రం కష్టం. 10 బిట్ హెచ్.264ను ఫోన్ డీకోడర్లు దాదాపు పట్టించుకోవు. క్రోమా సబ్‌శాంప్లింగ్ అంటే రంగు వివరాలు ఎంతమేర ఉంచారో చెప్పేది. అక్కడ 4:2:2 కనిపించినా అంతే, 4:2:0 ఉండాలి. ఎడిటింగ్ చేసి ఇచ్చిన సినిమాలో ఇవి పెద్దగా కనిపించవు. కెమెరాలోంచి నేరుగా కాపీ చేసి ఇచ్చిన క్లిప్పుల్లోనే ఉంటాయి. అందుకే 1080పీ క్లిప్పు కూడా ఒక్కోసారి తడబడుతుంది.

ఇప్పుడు వీడియో ఆడించే యాప్‌లు. ఎంఎక్స్ ప్లేయర్‌లో నాకు నచ్చింది పైన మూలనున్న చిన్న అక్షరాలు. హెచ్‌డబ్ల్యూ, హెచ్‌డబ్ల్యూ ప్లస్, ఎస్‌డబ్ల్యూ. మొదటి రెండూ హార్డ్‌వేర్ డీకోడర్‌తో ఆడించేవి, ఎస్‌డబ్ల్యూ అంటే సాఫ్ట్‌వేర్, భారమంతా ప్రాసెసర్ మీదే. వీడియో ఆడుతుండగానే నొక్కి మార్చుకోవచ్చు. ముందు హెచ్‌డబ్ల్యూ ప్లస్ పెట్టి చూడండి. ఎస్‌డబ్ల్యూకి మార్చాకే బొమ్మ వస్తోందంటే ఆ ఫైలు మీ ఫోన్ డీకోడర్‌కి పడట్లేదని అర్థం. ఫైలును పరీక్షించడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. యాడ్స్ మాత్రం విసిగిస్తాయి, పెద్దవాళ్లు తెలియక వాటినే నొక్కేస్తుంటారు.

అమ్మానాన్నల ఫోన్‌లో వేయడానికి నా ఓటు వీఎల్‌సీకే. యాడ్స్ లేవు, డబ్బులు కట్టక్కర్లేదు, ఏ ఫార్మాట్ ఆడియో అయినా దాదాపు పలుకుతుంది. సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (హార్డ్‌వేర్ డీకోడర్‌ను వాడుకునే సెట్టింగ్) ఆటోమేటిక్‌లోనే ఉంచండి. సాఫ్ట్‌వేర్ మీదే ఆడించక తప్పని ఫైలైతే, అడ్వాన్స్‌డ్‌లో డీబ్లాకింగ్ ఫిల్టర్ అని, కుదింపు వల్ల బొమ్మలో వచ్చే గళ్లను నున్నగా చేసేది ఉంటుంది, దాన్ని తక్కువకి మార్చండి. బొమ్మ అంచులు కాస్త గరుకుగా కనిపిస్తాయి కానీ ప్రాసెసర్ మీద బరువు తగ్గుతుంది. 1080పీ ఫైలుకి ఇది ఉపయోగపడుతుంది. ఈ 4కే ఫైలుకి పెట్టి చూపిస్తున్నా, చూడండి... ఇంకా తడబడుతూనే ఉంది.

పైగా మన ఎండలు. మే నెలలో కడపలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ప్రాసెసర్ మీద ఆడే వీడియో మొదట బాగానే ఉండి, ఫోన్ కాలిపోయేంత వేడెక్కాక నత్తనడక పడుతుంది. వేడి పెరిగితే చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. చార్జింగ్ పెట్టి చూడటం, వెనక మందపాటి కవరు ఉంచి చూడటం మానండి.

ఇన్ని తిప్పలు ఎందుకు? నేను చేయమనేది ఒకటే. ఫైలును మార్చేయండి. కంప్యూటర్‌లో హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైలు అందులో వేసి, ఫాస్ట్ 720పీ30 అనే ప్రీసెట్ (ముందే సిద్ధం చేసి పెట్టిన సెట్టింగ్) ఎంచుకోండి. వీడియో ఎన్‌కోడర్ హెచ్.264, పక్కన 10 బిట్ అని లేనిది. స్టార్ట్ నొక్కి వేరే పని చూసుకోండి. పాత ల్యాప్‌టాప్ అయితే గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడం మేలు. ఈ మార్చే పని అదే ఫోన్‌లో యాప్‌తో చేద్దామనుకోవద్దు. విప్పడానికే తడబడే ఫోన్ దాన్ని మార్చడానికి మరీ ఎక్కువసేపు తీసుకుంటుంది, అసలు మార్చలేకపోవచ్చు కూడా.

సైజు కూడా చూడండి. సెకనుకు 40 మెగాబిట్ల చొప్పున గంట వీడియో 18 జీబీ. అదే 2.5 మెగాబిట్లకి దిగితే 1.1 జీబీ చిల్లర. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా 2 జీబీ దాకా పంపొచ్చు కాబట్టి కువైట్‌లో ఉన్న బంధువులకి కూడా అలాగే వెళ్తుంది. వీడియోగా పంపితే మళ్లీ కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గానే పంపండి. పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంటే పెద్ద ఫైలు ఎక్కట్లేదా? ఆ పెన్ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉండొచ్చు, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయాలి, లోపల ఉన్నవి ముందే వేరే చోట దాచుకోండి.

ఇదిగో, మార్చిన ఫైలు అదే ఫోన్‌లో, అదే గ్యాలరీలో. గట్టిమేళం... చేతులు కదిలాయి... మూడు ముళ్లూ పడ్డాయి. పెళ్లికూతురి నుదుటి మీద చెమట కూడా కనిపిస్తోంది.

ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు వీడియో అన్నకి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే చెప్పేయండి: "అన్నా, 4కే ఫైలుతో పాటు ఫోన్ కోసం 720పీ, హెచ్.264, 8 బిట్ కాపీ ఒకటి ఇవ్వు." ఎడిటింగ్ సిస్టమ్ మీద వాళ్లకిది పెద్ద పని కాదు. చిన్న కాపీ చేతికొచ్చింది కదా అని 4కే ఫైలును మాత్రం తుడిచేయకండి. హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఇంకో చోట ఒకటి ఉంచుకోండి.