పాత రివాల్వర్‌కి వెల కట్టేది ఎలా?

(విజయనగరం స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమానికి అక్షర రూపం. పాల్గొన్నవారు: పాత ఆయుధాల మదింపుదారు, మ్యూజియం సంరక్షకురాలు, ఆయుధ చట్టాలు తెలిసిన న్యాయవాది.)

నిర్వాహకురాలు: నమస్కారం. బొబ్బిలి, సాలూరు, కురుపాం, మేరంగి... జమీందారీలు వరసగా ఉన్న నేల మనది. పాత ఇళ్లలో కత్తులు, తుపాకులతో పాటు అక్కడక్కడా రివాల్వర్లూ ఉంటాయి. వాటి స్థితిని ఎలా చూడాలి, వెల ఎలా కట్టాలి అన్నదే ఈరోజు విషయం. సార్, మీతో మొదలుపెడదాం. ఒక రివాల్వర్ చేతికి రాగానే మొదట ఏం చూస్తారు?

మదింపుదారు: దాని గురించి చెప్పే కథ కాలానికి నప్పుతుందా లేదా అని చూస్తానండి. ఈ ప్రాంతంలో "ఇది బొబ్బిలి యుద్ధం నాటిది" అనే మాట తరచూ వినబడుతుంది. ఆ యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. శామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్‌కి ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్నది 1835లో, అమెరికాలో 1836లో. 1794 పద్మనాభం యుద్ధానికైనా ఇదే లెక్క. ఆ రోజుల్లో ఉన్నవి వత్తి తుపాకులు, చెకుముకి తుపాకులు. అంచేత కథ నప్పకపోతే దాన్ని పక్కన పెట్టి, వస్తువునే అడగాలి.

నిర్వాహకురాలు: వస్తువుని ముట్టుకునే ముందు చట్టం మాటేమిటి మేడమ్?

న్యాయవాది: లైసెన్స్ లేకుండా ఉంటే వెల గురించిన ప్రశ్నే రాదు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకి మినహాయింపు ఉంది. దాన్ని చాలామంది సగమే చదువుతారు. కాలం చెల్లిన నమూనా అయినా, పురాతన విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే అవకాశం లేనిదై ఉండాలి. మరమ్మతు చేస్తే పేలుతుందంటే మినహాయింపు వర్తించదు. నూటపాతికేళ్ల నాటి బ్రిటిష్ రివాల్వర్ వెబ్లీ అయినా మీట (ట్రిగ్గర్) నొక్కితే తూటాలుండే సిలిండర్ తిరుగుతూ ఉంటే అది చట్టం దృష్టిలో తుపాకీయే. ఇంకొకటి, 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి. వారసత్వంగా వచ్చినవీ ఆ రెండింటిలోకే వస్తాయి.

నిర్వాహకురాలు: సరే, కాగితాలు సరిగా ఉన్నాయనుకుందాం. తరవాత?

మదింపుదారు: ఖాళీగా ఉందని తేల్చుకోవాలి. ఇది ఎవరో చెబితే నమ్మే పని కాదు. గొట్టం ఇసుక బకెట్ వైపు, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉండాలి. వెబ్లీ లాంటి మడత రివాల్వర్ అయితే తూటాని కొట్టే హ్యామర్ పక్కనున్న గొళ్లెం బొటనవేలితో నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే తూటాలు పెట్టే గదులు, అంటే ఛాంబర్లన్నీ ఒకేసారి కనిపిస్తాయి. పక్క తలుపున్న రకమైతే తలుపు తెరిచి, సిలిండర్‌ని ఒక్కో గడి తిప్పుతూ అన్నీ చూడాలి. అసలు ప్రమాదం క్యాప్ రకాలతోనే, అంటే విడిగా మందు కూరి, వెనక చిన్న పేలుడు టోపీ (క్యాప్) పెట్టి పేల్చేవాటితో. 1851 కోల్ట్ నేవీ, బోమాంట్-ఆడమ్స్ లాంటివి. వీటిలో మందూ గుండూ ముందు వైపు నుంచి కూరతారు. బయటి నుంచి చూస్తే ఏమీ తెలీదు. సన్నటి చెక్క పుల్ల తీసుకుని ఒక్కో ఛాంబర్ ఎంత లోతు దిగుతోందో పుల్ల మీద గీతలు పెట్టుకోవాలి. ఒకదాంట్లో గీత పైనే ఆగిపోయిందంటే అందులో మందు ఉందనే అనుకోవాలి. ఆ నల్ల తుపాకిమందు తడి తగలకుండా ఉంటే వందేళ్ల తరవాత కూడా అంటుకుంటుంది. పొడవకండి, వేడి చేయకండి. లైసెన్సున్న ఆయుధ మరమ్మతుదారుకి అప్పగించాలి.

నిర్వాహకురాలు: ఖాళీ అని తేలింది. ఇప్పుడు స్థితి.

సంరక్షకురాలు: ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రివాల్వర్ విలువలో పెద్ద వాటా దాని పైచర్మానిది. ఫ్యాక్టరీలో పెట్టిన నీలి పూత, హ్యామర్ మీదా ఫ్రేమ్ మీదా ఉండే మబ్బుల్లాంటి గట్టిపూత రంగులు, చిన్న స్క్రూల మీద నెమలికంఠం నీలం. ఒకసారి పోతే వీటిని ఎవరూ తిరిగి తేలేరు. నీలి పూత వయసుతో పాటు మెల్లగా నేరేడుపండు రంగుకీ, గోధుమకీ తిరుగుతుంది. అది మురికి కాదు. తుప్పు అనుకుని నిమ్మచెక్కతోనో, చింతపండుతోనో, ఉప్పుకాగితంతోనో తోమేస్తారు. తెల్లగా మెరిసే ఇనుము వస్తుంది. దాంతో సేకర్త ఇచ్చే ధరలో సగం పైగా పోవచ్చు.

మదింపుదారు: మళ్లీ నీలి పూత వేయించినవాటినీ అలాగే పట్టుకోవచ్చు. ఎలాగంటే, పూత వేసే ముందు ఇనుముని సాన పడతారు. సాన పట్టినప్పుడు పదునైన అంచులు గుండ్రబడతాయి, అక్షరాల ఒడ్డులు అరిగిపోతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ చిన్న గిన్నెలాగా లోతవుతుంది. తుప్పు తిన్న గుంటల అడుగున కూడా నీలం కనిపించిందంటే తుప్పు ముందు, పూత తరవాత అన్నమాట. అసలు పూత ఎక్కడెక్కడ అరగాలో అక్కడే అరిగిందా అనేది ఇంకో పరీక్ష. తోలు ఒరలో పెట్టి తీసేవాడి రివాల్వర్‌కి గొట్టం చివర, సిలిండర్ ఎత్తు అంచులు, ట్రిగ్గర్ గార్డు ముందు భాగం, అరచేయి ఆనుకునే వెనక పట్టీ ముందుగా అరుగుతాయి. గ్రిప్ కింద, సిలిండర్ గాళ్లలో, ఖాళీ తూటాల్ని బయటికి తోసే ఎజెక్టర్ పక్కన నీడ చోట్ల పూత మిగులుతుంది. అంతటా ఒకే తీరుగా ఉందంటే నాకు అనుమానం వస్తుంది.

నిర్వాహకురాలు: పూత ఎంత మిగిలిందన్నది శాతాల్లో చెబుతారు కదా?

మదింపుదారు: చెబుతారు. అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పాత ఆయుధాలకి పెట్టిన వర్గాలు చాలాచోట్ల వాడుకలో ఉన్నాయి. భాగాలన్నీ అసలువే అయి, అసలు పూత 80 శాతం పైన ఉంటే 'ఎక్సలెంట్', 30 శాతం పైన ఉంటే 'ఫైన్'. పూత అసలేమీ లేకున్నా, ముప్పై లోపున్నా భాగాలు అసలువై, అంచులు పదునుగా, అక్షరాలు స్పష్టంగా ఉంటే 'వెరీ గుడ్'. ఇది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. చిన్న భాగాలు మార్చినవి, తోమినవి, మళ్లీ పూత వేసినవి 'గుడ్'లోకి దిగుతాయి. అంటే పూతే లేని నిజాయతీ గల రివాల్వర్ కొత్త పూత వేసినదానికంటే పై మెట్టు మీద ఉంటుంది. శాతం అంచనాకి కిటికీ దగ్గర పక్క వెలుతురు కావాలి. ట్యూబ్‌లైట్ కింద గోధుమ రంగు కూడా నీలంలా కనిపించి మోసం చేస్తుంది.

నిర్వాహకురాలు: లోపలి యంత్రం?

మదింపుదారు: ఖాళీ అని మరోసారి చూసుకుని, హ్యామర్‌ని బొటనవేలితో మెల్లగా లాగాలి. కోల్ట్ 1873 సింగిల్ యాక్షన్‌కి (ప్రతిసారీ హ్యామర్‌ని వేలితో లాగాల్సిన రకం) నాలుగు టిక్కులు వినిపించాలి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చేసరికి సిలిండర్ బిగిసిపోవాలి. అప్పుడు సిలిండర్‌ని వేళ్లతో కదిపి చూడండి. కాస్త ఆట ఉంటే పరవాలేదు, గడగడలాడితే సిలిండర్ చుట్టూ ఉన్న గాట్లు దెబ్బతిన్నాయన్నమాట. హ్యామర్‌ని విసురుగా లాగుతూ వాడినప్పుడు, బరువైన సిలిండర్ తనని ఆపే చిన్న బిళ్లకి కొట్టుకుని గాటు అంచు చిట్లిపోతుంది. సగం ఎత్తిన చోట హ్యామర్ ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కినా పడకూడదు. పూర్తిగా ఎత్తినప్పుడు బొటనవేలితో ముందుకి నెడితే జారకూడదు. హ్యామర్‌ని దింపేటప్పుడు వేలితో పట్టి దించండి. ఖాళీగా టక్కున కొడితే క్యాప్ రకాల్లో క్యాప్ తొడిగే నిపుల్ నలిగిపోతుంది, హ్యామర్ ముక్కు విరుగుతుంది.

గొట్టం లోపల టార్చి వేసి చూడాలి. గాళ్లు పదునుగా ఉన్నాయా, గుంటలున్నాయా? పాత క్యాపుల మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు గాలిలో తేమని పీల్చుకుని ఇనుముని తింటుంది. కళింగపట్నం, భావనపాడు సముద్రపు గాలి తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

నిర్వాహకురాలు: నంబర్లూ, ముద్రలూ చెప్పండి.

మదింపుదారు: కోల్ట్ నేవీకి గొట్టం, ఫ్రేమ్, ట్రిగ్గర్ గార్డు, వెనక పట్టీ, సిలిండర్... వీటన్నిటి మీదా ఒకే నంబరు ఉండాలి. గొట్టాన్ని బిగించే చీల మీద కూడా ఉంటుంది. పారేసుకోవడానికి వీలైన ముక్క కాబట్టి ఆ చీలే ఎక్కువగా వేరేదై ఉంటుంది. చీల ఒక్కటే వేరైతే ధర కొద్దిగా తగ్గుతుంది. సిలిండర్ వేరైతే చాలా తగ్గుతుంది. ఆ సిలిండర్ చుట్టూ 1843 మే 16 నాటి ఓడల యుద్ధం బొమ్మ అచ్చొత్తి ఉంటుంది. లోతు తక్కువ అచ్చు కాబట్టి అన్నిటికంటే ముందు అరిగేది అదే. అది నిలిచి ఉన్న నేవీకి సేకర్తలు ఎగబడతారు.

పేల్చి పరీక్షించాక వేసే ప్రూఫ్ ముద్రల్లో బర్మింగ్‌హామ్ అయితే కిరీటం కింద అడ్డంగా దాటిన రాజదండాలు, లండన్ అయితే కిరీటం కింద 'జీపీ', కిరీటం కింద 'వీ'. బెల్జియంలోని లీజ్‌లో పరీక్ష చేసినదైతే కోడిగుడ్డు ఆకారంలో 'ఈఎల్‌జీ'. ఆ గుడ్డు మీద కిరీటం ఉంటే 1893 లేదా ఆ తరవాతిది. వెబ్లీ బుల్‌డాగ్‌కి లీజ్‌లో లెక్కలేనన్ని నకళ్లు చేశారు. వాటి ధర అసలుతో పోల్చలేం. పైన 'మాంటన్, కలకత్తా', 'రోడా, కలకత్తా' అని చెక్కి ఉంటే అది అమ్మిన దుకాణం పేరు, చేసినవాళ్లది కాదు. మూడు గీతల బాణం గుర్తు కింద 'ఐ' అక్షరం ఉంటే భారత ప్రభుత్వానికి చెందినదని. రెండు బాణాలు ముక్కు ముక్కు కలిపి ఉంటే సర్కారు సేవ నుంచి తీసేసి అమ్మినదని.

నిర్వాహకురాలు: ఇటలీ నకళ్ల మాట కూడా వింటుంటాం.

మదింపుదారు: 1950ల చివరి నుంచి అక్కడ కోల్ట్ నమూనాలు కొత్తగా చేస్తున్నారు. వాటిని యాసిడ్‌తో పాతవాటిలా కనిపించేట్టు చేసి అమ్మేవాళ్లుంటారు. ఎక్కడో ఒక మూల 'పీఎన్' ముద్ర దొరుకుతుంది, నల్ల తుపాకిమందుతో పరీక్ష చేసినట్టు వేసేది. దాన్ని గీకేసిన గుంట కనిపించినా చాలు.

నిర్వాహకురాలు: ఫోన్‌లో రాజాం నుంచి ఒకాయన ఉన్నారు. చెప్పండి బాబూ.

ఫోన్‌లో: నమస్కారమమ్మా. మా తాతగారి పేరున లైసెన్సున్న వెబ్లీ ఒకటి ఉందండి. మా నాన్నగారు ఏడాదికోసారి కొబ్బరినూనె రాసి, తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచేవారు. ఇప్పుడు ఒర తీస్తే పచ్చగా చిలుం పట్టినట్టుంది. ఏటి చేయమంటారు? ఎంత వస్తాదంటారు?

న్యాయవాది: మొదట నా మాట వినండి బాబూ. తాతగారు పోయాక ఆ లైసెన్స్ మీకు దానంతటదే రాదు. వారసుల పేరుకి మార్చుకోమని దరఖాస్తు పెట్టాలి. అది తేలేదాకా ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. డిపాజిట్‌కి ముందే స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పండి. పేరు మారాక అమ్మదలిస్తే జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు ఆగాకే అర్హత ఉన్నవారికి ఇవ్వాలి. వందేళ్లు దాటినదైతే 1972 పురావస్తు చట్టం కూడా చూసుకోవాలి. విదేశానికి పంపడానికి వీల్లేదు.

మదింపుదారు: అందుకే విదేశీ వేలం అంకెలు చూసి ఇక్కడ ధర అనుకోకండి. 2018లో ఒక కోల్ట్ వాకర్ 18 లక్షల 40 వేల డాలర్లకి పోయింది. వాకర్లు 1847లో చేసినవి దాదాపు 1,100 మాత్రమే, ఆ ఒక్కదానికి పెట్టె కూడా నిలిచింది. 2021లో అమెరికా బందిపోటు బిల్లీ ద కిడ్‌ని కాల్చిన రివాల్వర్ 60 లక్షల డాలర్లు దాటింది. అది కాగితాలతో రుజువైన చరిత్రకి పలికిన ధర. మీ వెబ్లీకి గుర్తు ఏమిటో, మార్క్ (నమూనా సంఖ్య) ఎంతో కావాలి. 1915 నాటి మార్క్ 6 అయితే లక్షల సంఖ్యలో తయారైనది, అరుదైనది కాదు. సిలిండర్ వెనక భాగం వేరే తూటా కోసం కోసేసి ఉందేమో కూడా చూడాలి. తాతగారి పాత లైసెన్స్ పుస్తకం, కొన్న బిల్లు ఉంటే భద్రంగా ఉంచండి. అవి ధర పెంచుతాయి.

సంరక్షకురాలు: ఇక ఆ చిలుం. తోలులో ఉండే రసాయనాలు తేమతో కలిసి ఇత్తడినీ రాగినీ పచ్చబెడతాయి, ఇనుముని తుప్పు పట్టిస్తాయి. ఒరని, రివాల్వర్‌ని ఇకపై వేరు వేరుగా ఉంచాలి. ఒరని పారేయొద్దు, అది కూడా చరిత్రే. కొబ్బరినూనె ఏళ్ల తరబడి ఉంటే జిగురెక్కి యంత్రాన్ని పట్టేయవచ్చు. డిపాజిట్‌కి ముందు మీరు ఏమీ తోమొద్దు. లైసెన్స్ మీ పేరుకి వచ్చాక, ఎర్రగా పొడి రాలే తుప్పు మీద మాత్రమే పలచటి మినరల్ ఆయిల్ చుక్క వేసి ఒక రోజు వదిలేయండి. మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. రాకపోతే మళ్లీ నూనె, మళ్లీ ఒక రోజు. ఇనుప బ్రష్ వద్దు. నల్లగా, గోధుమగా గట్టిగా ఉన్నదాన్ని కదపొద్దు.

ఫోన్‌లో: గ్రిప్పు స్క్రూ బిగిసిపోయిందండి, తీసి చూడొచ్చా?

సంరక్షకురాలు: మామూలు స్క్రూడ్రైవర్ కొన వాలుగా ఉంటుంది, గాడిలో నిండదు. తిప్పగానే గాడి అంచులు చిట్లిపోతాయి. చిట్లిన స్క్రూ చూడగానే సేకర్త ధర తగ్గిస్తాడు. గాడికి సరిగ్గా నిండే, పక్కలు సమాంతరంగా ఉన్న కొన కావాలి. అదీ నూనె వేసి రెండు రోజులు నానాకే. వెబ్లీకి ఉండేది వల్కనైట్ గ్రిప్, నల్ల రబ్బరు లాంటిది. వయసుతో పెళుసెక్కుతుంది, ఎండ తగిలితే గోధుమరంగుకి తిరుగుతుంది. దంతం గ్రిప్ ఉన్నవి ఎవరి దగ్గరైనా ఉంటే వన్యప్రాణి చట్టం ప్రకారం అమ్మకూడదు, గుర్తుంచుకోండి.

నిర్వాహకురాలు: వానాకాలంలో ఇంట్లో దాచడం ఎలా?

సంరక్షకురాలు: ఉతికిన నూలుగుడ్డ మీద, తాళం వేసిన ఇనుప బీరువాలో పెట్టి, పక్కన సిలికా జెల్ ఉంచండి. రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ పెట్టాలి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. చవకరకం తేమ మీటరు కూడా దారి చూపిస్తుంది. చేతులు ముట్టిన ప్రతిసారీ చెమట మరకలు తుడిచి, మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పూయండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పటిలా కరెంటు లేక, గోడలు కారే రోజులుంటాయి కదా. తుఫాను పోయిన మర్నాడే బీరువా తెరిచి చూడాలి, వారం ఆగితే తుప్పు మొదలైపోతుంది.