ఈసీజీ గీతలో పేషెంటు పేరు: దాచొచ్చు, కానీ ఎంతవరకు?

అందరికీ నమస్కారం. వెనక బెంచీలకి వినబడుతోందా? సరే. స్లైడ్లు తక్కువే, నంబర్లు మాత్రం కొన్ని చెప్తా, ప్రాజెక్టు చేసేవాళ్ళు రాసుకోండి.

మన దగ్గర మామూలుగా జరిగేదేంటంటే, మండలం ఆస్పత్రికి ఎవరో ఛాతీనొప్పితో వస్తారు, ఈసీజీ తీస్తారు, అక్కడ కార్డియాలజిస్ట్ ఉండడు కాబట్టి ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పట్నంలో డాక్టర్‌కి వాట్సాప్ చేస్తారు. నేను దీన్ని తప్పు పట్టను, ప్రాణం ముందు, మిగతావన్నీ తర్వాత. కాకపోతే ఆ కాగితం మీద పేరు, వయసు అన్నీ ఉంటాయి, అది ఎన్ని ఫోన్లలో తిరుగుతుందో ఎవరికీ తెలీదు. పోనీ పేరు కత్తిరించి పంపుదామంటే ఒకే రాత్రి ముగ్గురివి వస్తే ఏ గీత ఎవరిదో తెలీక ఇంకో గొడవ.

గుండె గీతని దూరానికి పంపడం అసలు కొత్తేం కాదులెండి, 1905లోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఈసీజీ మెషీన్ తయారుచేసిన ఐంథోవెన్ గారు ఆస్పత్రిలో ఉన్న రోగుల సిగ్నల్‌ని ఒకటిన్నర కిలోమీటరు అవతల ఉన్న తన ల్యాబ్‌కి టెలిఫోన్ తీగ మీద రప్పించుకున్నారు, ఎందుకంటే ఆయన మెషీన్ మోసుకెళ్ళే సైజు కాదు. అప్పుడు గీత ఒక్కటే వెళ్ళింది. ఇప్పుడు గీతతో పాటు మనిషి వివరాలు కూడా వెళ్ళాలి, అది కూడా దారిలో వాళ్ళకి కనబడకుండా.

అందుకని ఆ వివరాల్ని గీతలోనే పెట్టేస్తే? దీన్నే ఈసీజీ స్టెగనోగ్రఫీ అంటారు. ఎలాగో చూడండి. ఈ ఫీల్డులో అందరూ వాడే డేటా బోస్టన్‌లో 1975 నుంచి 1979 మధ్య సేకరించిన ఎంఐటీ-బీఐహెచ్ ఈసీజీ రికార్డులు, మొత్తం 48, ఒక్కోటి అరగంట, సెకనుకి 360 శాంపిళ్ళు, అంటే గీత ఎత్తుని సెకనుకి 360 సార్లు కొలిచి రాసిన అంకెలు. ఒక మిల్లీవోల్ట్‌కి 200 మెట్లు, అంటే ఒక మెట్టు 5 మైక్రోవోల్ట్‌లు. ఇందులో 100 అనే నంబరున్న రికార్డు ఓపెన్ చేస్తే మొదటి చానల్లో మొదటి ఎనిమిది శాంపిళ్ళూ 995, 995, 995... ఎనిమిదీ అంతే. ఇందులో ఇంగ్లీషు పెద్దక్షరం ‘A’ దాచుదాం. దాని బిట్లు 01000001. సున్నా అయితే సరిసంఖ్య, ఒకటి అయితే బేసి సంఖ్య అనుకుంటే 994, 995, 994, 994, 994, 994, 994, 995 అవుతుంది. అంతే, ఒక అక్షరం లోపలికెళ్ళిపోయింది. ఒక్క మెట్టు తేడా ఈసీజీ కాగితం మీద మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు, ప్రింటర్ గీత మందమే అంతకంటే ఎక్కువ. గుండెపోటుకి గుర్తుగా డాక్టర్ చూసే ఎస్టీ ఎలివేషన్, అంటే గీతలో ఒక భాగం పైకి లేవడం, ఒక మిల్లీమీటర్ అంటే 20 మెట్లు, కాబట్టి ఆయన నిర్ణయం దీనివల్ల మారదు. తెలుగులో ‘సుబ్బారావు’ అని దాచాలంటే 30 బైట్లు, 240 బిట్లు, సెకనులో మూడింట రెండొంతులు చాలు, గుండె ఒకసారి కొట్టుకునేలోపే పేరు మొత్తం పట్టేస్తుంది!

కానీ ఆ ఎనిమిది 995లు మళ్ళీ చూడండి. ముందు చదునుగా ఉన్న చోట ఇప్పుడు గతుకులు వచ్చాయి, ఈ పద్ధతి తెలిసినవాడు ముందు అక్కడే వెతుకుతాడు. అందుకే దాచేముందు ఏఈఎస్ అనే తాళం పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చెయ్యాలి, ఇది ఆప్షనల్ కాదు. పద్ధతి అందరికీ తెలిసినా తాళంచెవి ఒక్కటి లేకపోతే తెరుచుకోకూడదు అని రహస్య లిపుల మీద రాసిన కెర్కోఫ్స్ 1883లోనే చెప్పాడు, మనవాళ్ళు మాత్రం ఇప్పటికీ ‘దాచాం సార్, ఎవరికీ కనబడదు’ అంటూ వైవాకి వస్తారు. నన్నడిగితే దాచడంలో అసలు లాభం రహస్యం కాదు, పేరూ గీతా విడిపోకుండా ఉండటం. ఫైల్ ఎక్కడికెళ్తే పేరు కూడా అక్కడికెళ్తుంది.

ఇంకో చిక్కు ఏంటంటే, 994గా మారినది ముందు 995 అని అవతలివాళ్ళకి ఎలా తెలుస్తుంది? తెలీదు, పోయినట్టే. ఒరిజినల్ గీత తిరిగి కావాలంటే రివర్సిబుల్ పద్ధతులున్నాయి, 2003లో తియాన్ అనే పరిశోధకుడు ఫొటోల కోసం చెప్పినది ఇక్కడా పనికొస్తుంది. పక్కపక్కనే 1000, 997 ఉన్నాయనుకోండి, తేడా 3. దాన్ని రెట్టింపు చేసి మన బిట్ 1 కలిపితే 7, సగటు 998.5లో అర వదిలేస్తే 998, అది కదలకుండా 1002, 995 అని రాస్తాం. అవతల తేడా 7 చూసి బేసి కాబట్టి బిట్ 1 అని తీసుకుని, మిగిలిన 6ని సగం చేసి 3, మళ్ళీ 1000, 997. చక్కగా తిరిగొచ్చాయి. కాకపోతే తేడా పెద్దగా ఉండే క్యూఆర్ఎస్ దగ్గర, అంటే గుండె కొట్టుకున్నప్పుడు గీత నిటారుగా లేచే చోట, ఇది చేస్తే గీత ఎగిరిపోతుంది, ఆ చోటు వదిలేసి చదునుగా ఉన్న చోట్ల చెయ్యాలి.

పేపర్లలో పీఆర్డీ అని ఒక శాతం చూపిస్తారు, గీత ఎంత చెడిందో కొలిచేది. ఈ డేటాలో సున్నా గీత 1024 దగ్గర ఉంటుంది, ఆ 1024 తీసెయ్యకుండా లెక్కేస్తే హారం పెద్దదైపోయి శాతం ముచ్చటగా కనిపిస్తుంది. ఎవరైనా అతి తక్కువ పీఆర్డీ చూపిస్తే ముందు ఇది అడగండి. పైగా అది మొత్తానికి సగటు, క్యూఆర్ఎస్‌కి ముందొచ్చే చిన్న గుబ్బ, పీ వేవ్, ఒక్కటి పాడైనా అందులో తేలదు.

మళ్ళీ వాట్సాప్ ఫొటో దగ్గరికొస్తే, కాగితాన్ని ఫొటో తీశారంటే దాచిన బిట్లన్నీ గాల్లో కలిసిపోయినట్టే. కరెంటు గోల తీసే 50 హెర్ట్జ్ ఫిల్టర్ వేసినా, 360ని 250కి మార్చినా అంతే సంగతులు. కాబట్టి ఫిల్టర్లన్నీ అయ్యాక చివర్లో దాచాలి, ఫైల్‌గానే పంపాలి. ఇంత సుకుమారంగా ఉండటం ఒకందుకు మంచిదే, దారిలో ఎవరైనా గీతని ముట్టుకుంటే తెలిసిపోతుంది.

ఆఖరుగా ఒకటి, పేరు ఎంత లోతుగా దాచినా గీతే మనిషిని పట్టిచ్చేస్తుంది. 2001లో స్వీడన్ వాళ్ళు 20 మంది ఈసీజీలు తీసుకుని ఎవరిది ఏదో గుర్తుపట్టొచ్చని చూపించారు. అంటే ఒకరి పాత ఈసీజీ దొరికినవాడికి దాచిన పేరుతో పనే లేదు, పోల్చి చూసుకుంటాడు. అందుకే పేరుని ఒక్కదాన్నే కాదు, ఫైల్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపండి, లోపల పేరు ఎలాగూ ఉంటుంది. ఇప్పుడు ఆ 100 నంబరు రికార్డు లాప్‌టాప్‌లో తెరుస్తా, ముందు వరసలో ఎవరైనా వచ్చి మీ పేరు దాచండి.