కాలవ కట్టేసిన రోజులు

(నరసాపురంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. ఈ సభకు రమ్మని నిర్వాహకులు ముందు నాకు వాట్సాప్‌లో కబురు పెట్టారట. అది ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయింది. వారం చూసి మనిషిని పంపారు. ఆయన సఖినేటిపల్లి రేవులో, గోదావరి దాటించే పంటు దిగి టీ కొట్లో నా పేరు చెబితే, "ఆయ్, ఆ నెట్ లేని రచయితగారాండీ?" అని దారి చూపించారట. బిరుదు బాగానే ఉంది.

నేను ఇంటర్నెట్ మానేసి 14 నెలలైంది. ఇదేదో తపస్సనుకుని వచ్చినవాళ్లుంటే ముందే చెబుతున్నాను, కాదు. పల్లెటూళ్లో ప్రశాంతంగా రాసుకోవచ్చనేది పల్లెటూళ్లో ఉండనివాళ్ల మాట. పొద్దున్నే కొబ్బరి దింపువాళ్లు వస్తారు, దగ్గరుండి కాయలు లెక్కపెట్టుకోవాలి. పక్కింటి మావయ్యగారికి బ్యాంకు కాగితం చదివి పెట్టాలి. ఈ కార్తీకమాసం మైకుల సంగతి సరేసరి. నెట్ మానేస్తే బోలెడు టైము మిగులుతుందనుకున్నాను. ఏమీ మిగల్లేదు.

మరెందుకు మానేశావంటారా? ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింద మూడు డెల్టాలు, సుమారు 10 లక్షల ఎకరాలు. అంత గోదావరి ఉండి కూడా కాలవ చివరున్న శివారు రైతు నీళ్లు రాలేదనే అంటాడు. పైన దారి పొడుగునా ఎవరికి వారు గండి కొట్టుకుంటే కిందికి ఏం వస్తాయి? నా కథలు శివారు చేలయిపోయాయి. గండ్లు కొట్టింది మాత్రం నేనే.

ఒకసారి పంటు మీద ఒకావిడ కోడిపుంజును ఒళ్లో పెట్టుకుని టిక్కెట్టబ్బాయితో తగువేసుకుంది. "మనవడికి అడగనోడివి దీనికెందుకడుగుతావు బాబూ?" అంటోంది. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. ఆవిడ కళ్లలో మాత్రం నీళ్లున్నాయి. అవి ఎందుకో కనుక్కుంటే కథ అయ్యేది. నేను పంటు అవతలి ఒడ్డుకు చేరేలోగా ఫేస్‌బుక్‌లో నాలుగు లైన్లు రాసి పెట్టేశాను. 400 మంది నవ్వారు. నేను లైకులు చూసుకుంటుండగా ఆవిడ పుంజును చంకలో పెట్టుకుని దిగి వెళ్లిపోయింది. మళ్లీ ఎక్కడా కనపళ్లేదు.

2022 మే నెలలో అమలాపురం గొడవల తర్వాత మా కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు, గుర్తుందా? ఇంటి దగ్గర్నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని, అవతలి జిల్లా సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు చేరారు. నేను మొదటి రెండు రోజులు ఊరికే ఫోను తీసి చూసుకుంటూ గడిపాను. మూడో రోజు కూర్చుని 11 పేజీలు రాశాను. నెట్ రాగానే ఏం చేశాననుకున్నారు? 'నెట్ లేని రోజుల్లో నేను' అని పోస్టు పెట్టాను. దానికీ బాగానే లైకులు వచ్చాయి. ఆ 11 పేజీలు ఎక్కడున్నాయో ఇప్పటికీ వెతుకుతున్నాను.

మానేసినందుకు పోగొట్టుకున్నవీ ఉన్నాయి. నాతో చదువుకున్న ఒక స్నేహితుడు పోయాడు. కబురు మా బ్యాచ్ గ్రూపులో పెట్టారు. అందరికీ చేరిపోయిందనుకున్నారు. నాకు పెద్దకర్మ అయ్యాక తెలిసింది. వెళితే వాళ్లావిడ, "రాలేదేం అన్నయ్యగారూ?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. కరెంటు బిల్లు, గ్యాసు బండ, అన్నీ మా ఆవిడ ఫోన్‌పేలోనే. నా వైరాగ్యం ఆవిడ డేటా మీద నడుస్తోంది.

మొన్న వేసవిలో నీళ్లు ఆపి కాలవలు కట్టేశాక, రిటైరైన లస్కరు, అంటే కాలవ నీళ్లు చూసుకునే ఉద్యోగి, ఒకాయన నన్ను లాకుల దగ్గరికి తీసుకెళ్లారు. నీళ్లు లేని కాలవ అడుక్కి దిగాం. విరిగిన వినాయకుడి చట్రాలు, మందు సీసాలు, ఒంటి చెప్పులు, ఒక సైకిలు రిమ్ము. అలవాటు కొద్దీ ఫొటో తీద్దామని జేబు తడుముకున్నాను. బటన్ ఫోను తగిలింది. ఆయన బురదలోంచి ఓ ఇత్తడి చెంబు లాగారు. వెనకటి చెంబుల మీద పేర్లు చెక్కించేవారు కదా, బొటనవేలితో తుడుస్తూ అక్షరాలు కూడబలుక్కున్నారు. మొదటి రెండు అరిగిపోయాయి, చివర 'రత్నం' అని ఉంది. కాసేపు దాన్ని అలాగే పట్టుకున్నారు.

"ఈవిడ నాకు తెలుసండీ" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు.

చెంబు ఇంటికి తీసుకెళ్లారు. నేను ఆరుసార్లు వాళ్లింటికి వెళ్లాను. వెళ్లినప్పుడల్లా మజ్జిగ ఇచ్చారు, వంగతోట సంగతులు చెప్పారు. చింతపండుతో తోమిన చెంబు మాత్రం కిటికీలో మెరుస్తూ కనపడేది. జూన్‌లో కాలవలు వదిలారు. ఆగస్టులో ఓ వాన రోజు, నేను అడక్కుండానే, ఆవిడెవరో చెప్పారు.

ఆ కథ ఇప్పటికి 31 పేజీలైంది, ఇంకా పూర్తి కాలేదు. ఆవిడెవరని మాత్రం అడక్కండి. చెబితే ఇక్కడే ఇంకో గండి పడుతుంది. మిగతా ప్రశ్నలేమైనా ఉంటే కాస్త త్వరగా అడగండి, నాకు ఆఖరి పంటు అందాలి.