గుర్రం వచ్చింది, రౌతు రాలేదు

అందరికీ నమస్కారం. ఎండ్యూరెన్స్ రైడ్, అంటే గుర్రం మీద సాగే దూరప్రయాణ పోటీ అనగానే విజయవాడ ఎండకు గుర్రం తట్టుకుంటుందా అని అడుగుతారు. దానికి పశువైద్యులున్నారు. వెట్ గేట్ దగ్గర, అంటే దారిలో గుర్రాన్ని ఆపి పరీక్షించే చోట, దాని నాడి చూస్తారు. అంతర్జాతీయ పోటీల్లో నిమిషానికి 64కు దిగితేనే సాధారణంగా ముందుకు పంపుతారు. రౌతు నాడి పట్టి చూసేవాళ్లే ఉండరు.

ఖాళీ జీనుతో గుర్రమొక్కటే క్యాంపుకు వచ్చిందనుకోండి. రౌతు ఎక్కడ పడ్డారు? చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఫోను జీను సంచిలో పెట్టుకుంటారు, గుర్రంతోపాటు అదీ వచ్చేస్తుంది. ఫోను, విజిల్ ఒంటిమీదే ఉండాలి. పేరు, వాడే మందులు, ఇంటివాళ్ల నంబరు రాసిన కార్డు ఒకటి చేతికి, ఒకటి జీనుకు కట్టండి.

చెక్‌పాయింట్‌లో కూర్చున్నవాళ్లు ప్రతి రౌతు నంబరూ, దాటిన సమయమూ రాయాలి. మూడోది దాటి నాలుగోదానికి రాలేదంటే ఆ మధ్య ముక్క వెతికితే చాలు. రాయకపోతే దారి మొత్తం 40 కిలోమీటర్లూ గాలించాల్సిందే.

108కి ఫోన్ చేసి “కరకట్ట మీద” అంటే సరిపోదు. కృష్ణ కరకట్ట ఎంత పొడవో మీకు తెలుసు. అంబులెన్సు ఎక్కి దిగగలిగే చోట్లు ముందురోజే బండి మీద వెళ్లి చూడండి. ఒక్కోదానికి నంబరిచ్చి, లొకేషన్ అందరి ఫోన్లకూ పంపండి. గుర్రానికి దెబ్బ తగిలితే 1962, మన రాష్ట్రంలో పశువుల అంబులెన్సు నంబరు.

పడినవాళ్లను లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించడం మనకలవాటు. అదే వద్దు. మెడ కదపకూడదు, ఊపిరి సరిగా ఆడుతుంటే హెల్మెట్ తీయకూడదు. “బాగానే ఉన్నా” అంటూ లేచినా, అడిగిందే మళ్లీ అడుగుతున్నా, వాంతి అయినా గుర్రం ఎక్కనివ్వకండి, ఆసుపత్రికి పంపండి. తల నేలకు తగిలితే ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే. పైన పగులు కనిపించకపోయినా లోపలి థర్మాకోల్ అణిగిపోయి ఉంటుంది.

మడమ లేని స్పోర్ట్స్ షూ వేసుకుంటే పాదం రికాబులోంచి, అంటే జీనుకు వేలాడే కాలు పెట్టే కడియంలోంచి, ముందుకు జారి ఇరుక్కుంటుంది. అప్పుడు పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. బూటుకు అంగుళం మడమ, రికాబులో బూటుకు రెండువైపులా సెంటీమీటరు చొప్పున ఖాళీ ఉండాలి.

మాట తడబడినా, నడక తూలినా వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, ఒంటిమీద ఆపకుండా చల్లటి నీళ్లు పోస్తూ విసరండి. అంబులెన్సు వచ్చేదాకా ఆగొద్దు.

ఇంకొకటి. మధ్యలో మానేసి ఇంటికెళ్లేవాళ్లు చెప్పి, పేరు కొట్టేయించుకుని వెళ్లండి. లేదంటే మీరు మంగళగిరిలో ఇడ్లీ తింటుంటారు, ఇక్కడ టార్చిలైట్లు పట్టుకుని మీ కోసం ముళ్లకంపలన్నీ వెతుకుతుంటారు.